నిలబెట్టు డాక్టరు

పడుకున్న వస్తువును చూస్తే ఆయనకు ఒళ్ళు మండిపోతుంది. పుస్తకం కానీ, చెంచా కానీ, చీపురు కానీ, ఏదైనా నిలబడే ఉండాలి. పేషెంట్లు పడుకునే ఉంటారు కాబట్టే ఆయన వార్డుల వైపు వెళ్ళడని, అందుకే ముప్పై ఏళ్ళుగా ఆసుపత్రి కింది అంతస్తులో మైక్రోస్కోపు ముందు కూర్చున్నాడని జనం చెప్పుకుంటారు. నోట్లో లేచిన పుండ్ల ముక్కలు చూసి ఏది క్యాన్సరో ఏది కాదో తేల్చడం ఆయన పని. ఎదుటివాళ్ళను తీసిపారెయ్యడం ఆయన కాలక్షేపం. అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆయన నిలబెట్టు డాక్టరే.

ఆయనతో పడాల్సిన పాట్లన్నీ ల్యాబు టెక్నీషియన్‌వి. వచ్చిన ముక్కను కరిగిన మైనంలో పెట్టి, గట్టిపడ్డాక ఉల్లిపొర కంటే పలచగా కోసి, రంగు వేసి, గాజుపలక మీద ఆయనకు అందించాలి. మైనంలో ముక్కను అంచు మీద నిలబెడితేనే పైచర్మం నుంచి లోపలి కండ దాకా పొరలన్నీ వరసగా కనిపిస్తాయి. ఈ సంగతి ఆయన ఆమెకు మొదటిరోజు చెప్పాడు. రెండోరోజూ చెప్పాడు. పదకొండేళ్ళ తర్వాత కూడా చెబుతూనే ఉన్నాడు.

“ఏమ్మా, నిలబెట్టావా?”

“నిలబెట్టాను సార్.”

“మరి నీ టీ చెంచా? సాసర్లో కాళ్ళు బారజాపుకుని పడుకుంది.”

“చెంచా కూడా నిలబడాలా సార్?”

“చెంచానే నిలబెట్టలేనిదానివి, మూడు మిల్లీమీటర్ల ముక్కనేం నిలబెడతావ్?”

ఆమె పళ్ళు నూరుకుంటూ చెంచాను గ్లాసులో నిలబెట్టేది.

క్యాంటీనతను బ్రెడ్డు పంపితే రెండు ముక్కలనూ ఒకదానికొకటి ఆనించి నిలబెట్టి కానీ తినడు. అవి కూలితే, “నిలబడలేనిది కూడా ఒక బ్రెడ్డేనా?” అని ప్లేటు తిప్పి పంపిస్తాడు. ఎక్స్‌రే గదిలోంచి ఏ ఫిల్మ్ వచ్చినా వెలుతురుకు ఎత్తిపట్టి, “ఇది దవడా, మబ్బు పట్టిన ఆకాశమా? గొడుగు వేసుకుని చూడమంటారా?” అంటాడు. ఇక సర్జన్ పేరెత్తితే చాలు. “చేతిలో కత్తుంది కదాని కోసుకుంటూ పోవడమే. బుర్ర పెట్టే పని మాకొదిలేశాడు.”

సర్జనూ తక్కువ తినలేదు. “ఆయనకి ముక్క నిలబడితే చాలు, పేషెంటు కూలిపోయినా పట్టదు” అనేవాడు.

ఒక సోమవారం మధ్యాహ్నం నిలబెట్టు డాక్టరుకు మోకాలు పట్టేసింది. చూసిన డాక్టరు మూడు రోజులు కదలకుండా పడుకోమన్నాడు. ఆయన ఆ చీటీని బూతు చదివినట్టు చదివి, కుంటుకుంటూ ఇంటికి వెళ్ళాడు. ఆ మూడు రోజులూ ల్యాబులో చెంచాలన్నీ హాయిగా పడుకున్నాయి.

చెంచాలతోపాటు ఒక ముక్క కూడా పడుకుంది. ఆ సోమవారమే, ఆయన గుమ్మం దాటగానే, టెక్నీషియన్ ఫోనును చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని చెల్లెలితో కబుర్లు చెబుతూ ముక్కను మైనంలో పెట్టేసింది. అది బస్టాండులో అనౌన్సర్‌గా పనిచేసే ఆవిడ నాలుకది. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో ఊరందరికీ చెప్పే గొంతు ఆవిడది. నాలుక పక్కన పుండు లేచి నెల అయింది, మానడం లేదు.

పెద్దాయన లేడు కదా అని సర్జన్ తనే మైక్రోస్కోపులోకి తొంగిచూశాడు. “ఇదిగో, చర్మం గుంపులు గుంపులుగా కండలోకి దిగిపోయింది. క్యాన్సరే. శుక్రవారం మూడో వంతు నాలుక తీసేద్దాం” అన్నాడు.

గురువారం పొద్దున్నే అనౌన్సర్ ల్యాబు గుమ్మం దగ్గరికి వచ్చింది.

“అమ్మా, ఒక్కమాట. మూడో వంతు పోతే ‘ప్లాట్‌ఫారం’ అని పలకగలనా?”

టెక్నీషియన్ రోజూ ఆ గొంతు విని బస్సెక్కే మనిషి. మంచినీళ్ళిచ్చి బెంచీ మీద కూర్చోబెట్టింది.

అప్పుడే నిలబెట్టు డాక్టరు కర్ర పొడుచుకుంటూ దిగాడు. ఆయన సంతకం లేనిదే రిపోర్టు కదలదు. స్లైడు పెట్టి చాలాసేపు చూశాడు.

“ఇది క్యాన్సర్ కాదు.”

“మరేంటి సార్?”

“బద్ధకం. నీది. ముక్కను పడుకోబెట్టావ్.” చెయ్యి కిందికి వేలాడేసి చూపించాడు. “చర్మం అడుగున ఇలా వేళ్ళుంటాయి. నిలువుగా కోస్తే వేళ్ళు చేతికి అంటుకునే కనిపిస్తాయి. అడ్డంగా కోస్తే ఐదు ముక్కలు, దేనికదే. మీ సర్జన్ వాటిని చూసి వేళ్ళు చెయ్యొదిలి పారిపోయాయనుకున్నాడు.”

ఆమె ఏడ్చేసింది.

“ఏడుపు తర్వాత. ముందు మైనం కరిగించు.”

కరిగించారు. ముక్కను ఆయనే పట్టకారుతో తిప్పి అంచు మీద నిలబెట్టాడు. మళ్ళీ కోశారు, రంగు వేశారు. ఈసారి పొరలన్నీ బుద్ధిగా వరసలో ఉన్నాయి. చర్మం గీత దాటి ఒక్క కణం కూడా కిందికి దిగలేదు. ఆవిడ దవడ ఎక్స్‌రేను ఎత్తిపట్టాడు. దవడ ఎముక శుభ్రంగా ఉంది. పుండుకు సరిగ్గా ఎదురుగా, విరిగిన దవడపన్ను కొస మొనదేలి నిలబడి ఉంది.

“ఈ ఊళ్ళో నిలబడకూడనిది ఇదొక్కటే. ఇదేమో నిలబడింది. పన్ను అరగదీయమను, రెండు వారాల్లో పుండు మానకపోతే మళ్ళీ చూద్దాం.”

సంగతి తెలిసి సర్జన్ రయ్యిమని దిగాడు. “ముక్కను పడుకోబెట్టిందెవరు? ఇప్పుడే పైకి రాస్తాను. ఉద్యోగం ఊడాల్సిందే!”

టెక్నీషియన్ నోరు తెరిచేలోపే నిలబెట్టు డాక్టరు అన్నాడు. “నేనే. సోమవారం ఇంటికెళ్ళేముందు పెట్టాను. మోకాలు సలిపింది, చెయ్యి జారింది.”

సర్జన్ పొట్ట పట్టుకుని నవ్వాడు. సాయంత్రానికి ఆసుపత్రంతా అదే మాట. నిలబెట్టు డాక్టరు పడుకోబెట్టాడట! ఎక్స్‌రే గదివాళ్ళు గొడుగు కానుకగా పంపారు. ముప్పై ఏళ్ళుగా ఆయన దాచుకున్న గొప్పంతా ఆ ఒక్క విషయంలోనే ఉందని టెక్నీషియన్‌కు తెలుసు. ఆమెకు తల కొట్టేసినట్టయింది.

“సార్, నేను నిజం చెప్పేస్తాను.”

“చెప్పి? నిన్ను పంపేసి ఇంకొకతెను తెస్తారు. ఆవిడకి మళ్ళీ పదకొండేళ్ళు చెప్పాలి. నాకంత ఓపిక లేదు. పో, పని చూసుకో.”

మూడు వారాల తర్వాత ఒక పొద్దున బస్టాండు మైకులో ఆ గొంతు మళ్ళీ వినిపించింది. ‘ప్లాట్‌ఫారం’ అన్న మాటను ఆవిడ అవసరానికి మించి సాగదీసి, విరిచి, రుచి చూసి మరీ పలికింది. టెక్నీషియన్ నవ్వుకుంటూ తన బస్సు తప్పిపోనిచ్చి, ఇంకో రెండు సార్లు విని కానీ కదల్లేదు.

ఆలస్యంగా ల్యాబుకు చేరేసరికి ఆయన బల్ల మీద ప్లేటు ఉంది. క్యాంటీనతను కావాలనే రెండు బ్రెడ్డు ముక్కలనూ వెల్లకిలా పడుకోబెట్టి పంపాడు. ఆయన ఇంకా మెట్లు దిగుతున్నాడు. ఆమె గబగబా వాటిని ఒకదానికొకటి ఆనించి నిలబెట్టి, ఏమీ ఎరగనట్టు తన స్టూలు మీద కూర్చుంది.

ఆయన వచ్చి ప్లేటు చూశాడు. ఆమెను చూశాడు. కళ్ళజోడు సవరించుకున్నాడు.

“ఎడమది కొంచెం వంగింది” అన్నాడు.

ఆమె లేచి సరిచేసింది.