రాడ్డు కొడుతోందనుకున్న ఆసుపత్రి కారు

1984 మార్చి రెండో సోమవారం, ఉదయం తొమ్మిదిన్నరకు మిషన్ ఆసుపత్రి కారు మా వర్క్‌షాపు గేటులోకి వచ్చింది. గుంటూరులోని ఆ వర్క్‌షాపులో అప్పుడు నేను ఫోర్‌మాన్‌ని. అంటే మెకానిక్కులకు పైన, వర్క్స్ మేనేజరుకు కింద. బండిలో లోపం ఏమిటో తేల్చి, జాబ్ కార్డు మీద రాసి, సంతకం పెట్టడం ఫోర్‌మాన్ పని. రాసింది తప్పయితే మాట పడడమూ అతని పనే. ఆనాటి నా డైరీలో ఇలా ఉంది: "నాలుగు సిలిండర్ల పాత పెట్రోలు కారు. లోపల ఇనుప దెబ్బ. రాడ్డు బేరింగు, సందేహం లేదు." ఆ చివరి రెండు మాటలను బుధవారం నాడు నేనే కొట్టేశాను.

ఆసుపత్రి పిడుగురాళ్ల దారిలో, సున్నపు బట్టీలు దాటాక ఉండేది. దాని నర్సింగ్ సూపరింటెండెంటు కరుణమ్మగారు వారానికి రెండు రోజులు ఆ కారులో చుట్టుపక్కల ఊళ్లు తిరిగి గర్భిణీలను చూసి వచ్చేవారు. కూలికి వెళ్లే ఆడవాళ్లు పని మానుకుని ఆసుపత్రి దాకా రాలేరు కనుక ఆసుపత్రే వాళ్ల దగ్గరికి వెళ్లాలన్నది ఆమె పద్ధతి. కారు నడిపే దావీదుకు యాభై దాటాయి. ఆమెతో పాటు అతనూ కారులోంచి దిగి, ఒక్క మాటలో విషయం చెప్పాడు. "చప్పుడు చేత్తందండీ."

కరుణమ్మగారు మాత్రం వివరంగా చెప్పారు. బుధవారం సాయంత్రం ఆసుపత్రి కమిటీ కూర్చుంటోంది. ఇంజను పోయిందని ఫోర్‌మాన్ రాసిస్తే కారును పాత ఇనుము కింద అమ్మేస్తారు. మరో కారు కొనే ఆలోచన లేదు. "ఉన్నది ఉన్నట్టే రాయండి. నా కోసమని అబద్ధం రాయొద్దు. కాకపోతే, బాగా చూసి రాయండి" అన్నారు.

బాగానే చూశాం. ఇంజను స్టార్ట్ చేశాక నెమ్మదిగా తిరుగుతున్నంతసేపు శబ్దం లేదు. కాస్త ఆక్సిలరేటరు తొక్కగానే టంగ్, టంగ్, టంగ్ అని గట్టి ఇనుప దెబ్బలు. ఇంజను వేగంతో పాటే దెబ్బల వేగమూ పెరిగింది. పిస్టన్‌ను క్రాంకుషాఫ్టుకు కలిపే కడ్డీని మేము రాడ్డు అంటాం. దాని కింది బేరింగు అరిగితే దాదాపు ఇలాగే కొడుతుంది. మా సీనియర్ మెకానిక్ మస్తాన్ రెండు దెబ్బలు విని, "రాడ్డే సార్. దీనికింక ప్రార్థన చేయించండి" అన్నాడు. ప్రార్థనలు ఇప్పటికే జరుగుతున్నాయని దావీదు చాలా సీరియస్‌గా చెప్పాడు.

లోపలి శబ్దం ఎక్కడి నుంచి వస్తోందో తెలుసుకోవడానికి మా దగ్గర ఉన్న సాధనం పొడవాటి స్క్రూడ్రైవరు. మొనను ఇంజనుకు ఆనించి, పిడిని చెవి దగ్గర పెట్టుకుంటే డాక్టరు గొట్టంలాగే పనిచేస్తుంది. మస్తాన్ అలా ఆనించాడో లేదో పెద్ద తుమ్ము తుమ్మాడు. పిడి చెవికి తగిలింది. చెవి రుద్దుకుంటూ మళ్లీ ఆనించాడు, మళ్లీ తుమ్మాడు. "నువ్వు లే" అని నేను వంగాను. నాకు వరసగా నాలుగు వచ్చాయి. దావీదు మా ఇద్దరినీ చూసి నవ్వడం మొదలుపెట్టి, ఆ నవ్వులోనే తుమ్మాడు.

గుంటూరులో మార్చి నెలలో ఎవరైనా తుమ్మితే ఎందుకని అడగరు. మా వర్క్‌షాపు మిరప యార్డుకు వెళ్లే రోడ్డు మీద ఉండేది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా టిక్కీలు, అంటే మిరపకాయల బస్తాలు వేసుకున్న బళ్లూ లారీలూ మా గేటు ముందు నుంచే వెళ్లేవి. ఆ రోజుల్లో ఊరంతా ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకునే మాట్లాడుకునేది. మేమూ తువ్వాళ్లు తడిపి ముక్కులకు కట్టుకుని పనిలో పడ్డాం. అలా ముసుగులతో స్క్రూడ్రైవర్లు పట్టుకుని నిలబడ్డ మమ్మల్ని చూసి, "ఎవరింటికి కన్నం వేస్తున్నారు?" అని అడిగారు కరుణమ్మగారు. ఆ తరువాత పది నిమిషాలు పని సాగలేదు. ఒకడు ఆపితే ఇంకొకడికి నవ్వు, నవ్వు ఆగితే తుమ్ము.

మంగళవారం ప్లగ్గు పరీక్ష చేశాను. ఇంజను నడుస్తుండగా ఒక్కో ప్లగ్గు తీగనే తీసి చూస్తాం. తీగ తీసిన సిలిండరులో పేలుడు ఉండదు కనుక దాని రాడ్డు మీద బరువు తగ్గుతుంది, ఆ బేరింగే అరిగి ఉంటే శబ్దమూ తగ్గాలి. ఇక్కడ ఏ తీగ తీసినా ఇంజను వణికి, శబ్దం పెరిగింది. ఆయిలు ప్రెషరు సరిగ్గానే ఉంది. ఆయిలు దింపి తెల్లగుడ్డలో వడకడితే లోహపు రజను రాలేదు. మూడు పరీక్షలూ రాడ్డు కాదనే చెప్పాయి. మూడింటినీ డైరీలో రాసుకుని కూడా, నాలుగు రాడ్లూ కొద్దికొద్దిగా అరిగి ఉంటాయని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. సోమవారమే అందరి ముందూ రాడ్డని అనేశాను కదా. శబ్దం ఎక్కువగా వినిపించిన చోటు ఇంజను వెనక భాగం, ఇంజనుకూ ముందు సీట్లకూ మధ్య ఉండే రేకు గోడ వైపు అని కూడా రాశాను. అదే పేజీ చివర తుమ్ముల లెక్క ఉంది: మస్తాన్ పదకొండు, నేను ఏడు, దావీదు అయిదు. నవ్వుకోవడానికే రాసుకున్నాను.

బుధవారం పదకొండింటికి కాగితం మీద "ఇంజను పూర్తిగా విప్పవలసి ఉన్నది" అని రాసి, సంతకం కోసం కలం తెరిచాను. కరుణమ్మగారు ఎదురుగా స్టూలు మీద కూర్చుని ఉన్నారు. అలా రాస్తే కమిటీ లెక్కలో ఇంజను పోయినట్టేనని ఇద్దరికీ తెలుసు. అప్పుడే మా కొత్త వర్క్స్ మేనేజరు మూర్తిగారు షెడ్డులోకి వచ్చారు. విశాఖపట్నం నుంచి బదిలీ అయి వచ్చి నాలుగు రోజులే. ఒకసారి శబ్దం వినిపించమన్నారు. మస్తాన్ ఇంజను స్టార్ట్ చేశాడు. అందరం తుమ్మాం. ఆపాడు. ఆయన ముక్కు తుడుచుకుని, మళ్లీ స్టార్ట్ చేయమన్నారు. మళ్లీ అందరం తుమ్మాం.

"నేను ఊరికి కొత్త, తెలియక అడుగుతున్నాను. ఇంజను ఆపితే తుమ్ములు కూడా ఆగుతున్నాయేమండీ?" అన్నారు.

నేనూ మస్తానూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. రోడ్డు మీది మిరపఘాటు మా ఇంజను ఆపితే ఆగదు. రెండున్నర రోజులుగా ఇంజను ఫ్యాను మా మొహాల మీదికి కొడుతున్నది బానెట్టులోని ఘాటు.

దావీదు నెమ్మదిగా గేటు వైపు జరుగుతున్నాడు. పిలిచాను. "బానెట్టులో ఏమైనా పెట్టావా?"

"ఏం పెట్టలేదండీ. ఎలకల మందు తప్ప."

"ఏం మందు?"

"ఎండుమిరపకాయలండీ. ఆసుపత్రి కాడ కారు షెడ్డు పక్కనే పత్తి గింజలు పోస్తారా, ఎలకలొచ్చి వైర్లు కొరికేత్తన్నాయండీ. పాలపొడి డబ్బాకి బెజ్జాలు పొడిచి, కాయలు నలిపి పోసి, ఇంజను వెనకాల కట్టానండి. అప్పట్నుంచి ఒక్క ఎలకా రాలేదు."

"డబ్బా సరే. చప్పుడేంటి మరి?" అని మస్తాన్.

"ఎగరకుండా బరువుకని లోపల లారీ చక్రం నట్టు ఒకటి యేశానులే."

ఈ మాట సోమవారం ఎందుకు చెప్పలేదని నేను గట్టిగానే అడిగాను. "తమరు ఇంజను సంగతి అడిగారు గానీ డబ్బా సంగతి అడగలేదు కదండీ" అన్నాడు.

మస్తాన్ కారు కిందికి దూరి దాన్ని విప్పి తెచ్చాడు. గోనెగుడ్డ చుట్టి తీగతో ఇంజనుకే బిగించి ఉంది. ఆయిలు జిడ్డు పట్టి, పుట్టుకతోనే ఇంజనులో భాగమైనట్టు ఉంది. స్క్రూడ్రైవరు ఆనించడానికి అడ్డంగా ఉంటే నేనే రెండుసార్లు దాన్ని పక్కకు నొక్కాను. మిరపకాయలు నిండుగా ఉన్నన్నాళ్లు నట్టుకు మెత్తగా ఉండి శబ్దం రాలేదు. అవి పొడిపొడిగా చాలావరకు బెజ్జాల్లోంచి రాలిపోయి, అడుగున కాస్త కారప్పొడి మాత్రం మిగిలాక, నట్టు డబ్బా రేకును కొట్టడం మొదలుపెట్టింది. ఇంజను వణికినకొద్దీ ఎగిరింది. ప్లగ్గు తీగ తీస్తే శబ్దం పెరగడానికి అదే కారణం.

ఇదంతా నేను పద్ధతిగా వివరిస్తుండగా మస్తాన్ డబ్బా మూత తీశాడు. ఆ తరువాత షెడ్డులో ఒక్కరికీ ఊపిరి సరిగ్గా ఆడలేదు. మూర్తిగారు కళ్లద్దాలు తీసేసి గోడ పట్టుకుని తుమ్మారు. ఎప్పుడూ గంభీరంగా ఉండే కరుణమ్మగారు ఒక పాత టైరు మీద కూలబడి, కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ, "పిల్లల పాలడబ్బా దావీదూ, పిల్లల పాలడబ్బా" అని నవ్వుతూనే తిట్టారు. ఇంజను స్టార్ట్ చేస్తే మెత్తగా తిరిగింది. ఆక్సిలరేటరు పూర్తిగా తొక్కినా ఒక్క దెబ్బ లేదు. నేను మొదటి కాగితం చించి, "ఇంజను మంచి స్థితిలో ఉన్నది. బయటి వస్తువు ఒకటి తొలగించడమైనది" అని రాసి సంతకం పెట్టాను. ఆ వస్తువు ఏమిటని సాయంత్రం కమిటీవారు అడిగారట. కరుణమ్మగారు చెప్పబోయి, నవ్వు ఆపుకోలేక, కాగితం వాళ్ల చేతికిచ్చి కూర్చున్నారట. గురువారం కారు ఎప్పటిలాగే ఊళ్ల మీదికి వెళ్లింది.

పరీక్షలు పూర్తి కాకముందే లోపానికి పేరు పెడితే, తరువాతి పరీక్షలన్నీ ఆ పేరుకు సాక్ష్యం చెప్పే పనిలో పడతాయని అప్పుడు తెలిసింది. రోజూ ఉండే దాన్ని గమనించడం మానేస్తామని కూడా తెలిసింది. మూర్తిగారి అనుమతితో మా తనిఖీ కాగితంలో ఒక గడి చేర్చాను: "ఇంజను నడిచినప్పుడు మొదలై, ఆపితే ఆగేవి, శబ్దం కానివి సహా." కొత్తగా చేరిన మెకానిక్కులు ఆ గడిలో ఏం రాయాలని అడిగేవారు. ఏది జరిగితే అది రాయమనేవాణ్ణి. చాలాసార్లు ఖాళీగానే వచ్చేది. నేను రిటైరయ్యేదాకా దాన్ని తీసేయనివ్వలేదు.