హాజరు పట్టీలో తొమ్మిదో పేరు

మా మామ పోలీస్ పటేలు. తాండూరుకు నాలుగు మైళ్ళ దూరంలో, కరణ్‌కోట వైపు ఉండేది మా ఊరు. నేను వికారాబాదు పిల్లని. ఏడో తరగతి చదివి, పద్దెనిమిదేళ్ళకు ఆ ఇంటికి కోడలినై వచ్చాను. చదువుకున్న కోడలు వచ్చిందని ఊరంతా చెప్పుకున్నారు గాని ఆ చదువుతో ఏం చెయ్యాలో ఎవరికీ తెలియలేదు. నా ఇంటాయన బండల గనిలో గుమస్తా. వారానికి ఒకసారి వచ్చి, తలస్నానం చేసి, తిని పడుకుని మళ్ళీ వెళ్ళిపోయేవాడు. అత్త నేను రాకముందే పోయింది. ఇంట్లో ఉండేది మామా నేనూ.

పోలీస్ యాక్షన్ అయిన రెండో ఏడు ఠాణాకు కొత్త అమీన్, అంటే ఎస్సై, వచ్చాడు. కోస్తా సర్కారు జిల్లాల మనిషి, ఉర్దూ రాదు. మామకు ఉర్దూ తప్ప రాయడం రాదు. ఇకమీదట హాజరు పట్టీ తెలుగులోనే ఉండాలని హుకుం చేసి పోయాడాయన. మామ రెండు రోజులు గింజుకుని, మూడో నాడు పట్టీ తెచ్చి గడప మీద పెట్టి, నాతో కాకుండా గోడతో చెప్పినట్టు, "జర నువ్వు రాయి బిడ్డా" అన్నాడు. నా చదువుకు పని దొరికిందని ఆ రోజు నాకు సంతోషమే వేసింది. ఆ మాట ఇప్పుడు దాచుకోవడం ఎందుకు?

ఆ పట్టీ ఏమిటో చెప్పాలి. మా ఊరి చివర పద్నాలుగు గుడిసెలు ఉండేవి. ఆ కులం పేరు ఇక్కడ రాయను. ఒకసారి రాసి చేసిన నిర్వాకం చాలు. నిజాం కాలంలోనే సర్కారు ఆ కులాన్ని మొత్తంగా నేరస్తుల జాబితాలో పెట్టింది. ఏం దొంగిలించారని అడగకండి. మగపిల్లవాడికి మీసం మొలిచిందంటే పట్టీలో పేరు ఎక్కేది. నేను రాసేనాటికి అందులో పద్నాలుగు పేర్లు. పొద్దున ఒకసారి, దీపాలు పెట్టే వేళ ఒకసారి వాళ్ళు మా అరుగు ముందుకు వచ్చి నేల మీద కూర్చుని హాజరు చెప్పాలి. ఊరు దాటి ఒక పూట ఉండాలన్నా ఠాణా నుంచి చీటీ రావాలి. చీటీ లేకుండా హాజరు తప్పితే జైలు. అడవికి పోయి తేనె, సీతాఫలాలు తెచ్చి అమ్ముకునేవాళ్ళు. ఎంత దూరం పోయినా దీపాల వేళకు తిరిగి రావాలి కనక వాళ్ళ అడవి కూడా పొట్టిదే. కొన్నేళ్ళకు ఆ చట్టాన్ని ఎత్తేశారు. ఇక రానక్కర్లేదని మామ ఎంత చెప్పినా పదిహేను రోజుల దాకా వాళ్ళు వస్తూనే ఉన్నారు. ఎత్తేశారంటే వాళ్ళకు నమ్మకం కుదరలేదు.

మామ అరుగు మీద కూర్చుని పేర్లు పిలిచేవాడు. అప్పటికే ఆయన కళ్ళలో పొర వచ్చింది, నాలుగు బారల అవతల మనిషి ఎవరో ఆనేది కాదు. పేర్లన్నీ కంఠతా వచ్చు. నేను తలుపు వెనక, కొంగు తల మీదికి లాక్కుని, పట్టీ ఒళ్ళో పెట్టుకుని కూర్చునేదాన్ని. "హాజర్" అని వినబడితే నిలువు గీత. వినబడకపోతే సున్నా. నేను రాయడం మొదలుపెట్టాక సున్నా పెట్టవలసిన అవసరం ఒక్కసారీ రాలేదు.

పట్టీలో తొమ్మిదో పేరు ముప్ఫై ఏళ్ళ మనిషిది. బక్కగా, పొడుగ్గా ఉండేవాడు. అతని భార్యకు క్షయ వచ్చి రెండు నెలలుగా అనంతగిరి గుట్ట మీది దవాఖానలో ఉంది. అక్కడ ఊడ్చే పూడూరు మనిషి ఒకడు సంతకు వచ్చి కబురు చెప్పాడు: ఆమె రక్తం కక్కుతోంది, కలవరింతల్లో నీ పేరే అంటోంది అని. ఆ రోజే అతను చీటీ అడిగాడు. మామ ఠాణాకు కబురు పంపాడు. అమీన్ ఊళ్ళు తిరిగే దౌరాలో ఉన్నాడు. నాలుగు రోజులైనా చీటీ రాలేదు.

అయిదో నాడు పగటివేళ, మామ చేను దగ్గరికి పోయినప్పుడు, అతను వచ్చి వాకిట్లో ఎండలో నిలబడ్డాడు.

"చీటీ ఒచ్చిందా పటేలమ్మా?"

"ఇంక రాలే. అమీన్ సాబు తిరిగొస్తెనే."

"అప్పటిదాక గామె ఆగదు పటేలమ్మా."

ఏడవలేదు, బతిమాలలేదు. ఆ మాట చెప్పి అక్కడే నిలబడ్డాడు. నాకు ఒళ్ళు మండింది. చచ్చిపోయే పెళ్ళాన్ని చూసుకోవడానికి చీటీ ఏమిటి? ఆ గుట్ట నేను పుట్టి పెరిగిన ఊరి గుట్ట. చిన్నప్పుడు మా ఇంటి వెనక నుంచి కనబడేది. అక్కడ ఒక మనిషి దారి చూస్తూ పడుకుని ఉందంటే నాకు కంటికి కట్టినట్టయింది.

"తాండూరుల రైలుబండి దొరుకుతది. ఇప్పుడే పో. రేపు పగటాల్లకు మాత్రం ఒచ్చెయ్యాలె."

"మాపటి హాజరు? రేపు పొద్దుగాల?"

"రెండూ నేను రాస్త."

"పటేలుకు తెలిస్తె?"

"కండ్లు నాయి, చెయ్యి నాది. నువ్వు పో."

ఎంత గొప్పగా అన్నానో! పద్దెనిమిది దాటి పంతొమ్మిదిలో ఉన్నాను. ఆ వయసులో మనిషికి తన చెయ్యి చాలా పొడుగ్గా కనిపిస్తుంది.

సాయంత్రం మామ పేర్లు మొదలుపెట్టాడు. ఏడు. ఎనిమిది. తొమ్మిదో పేరు పిలిచాడు. వాకిట్లో చప్పుడు లేదు. కూర్చున్న పదమూడు మందీ తలలు దించుకున్నారు. మామ మళ్ళీ పిలిచాడు. ఎవరో దగ్గారు.

"అగో, ఎనుక కూసున్నడు మామా. దగ్గొచ్చి గొంతు పలుకుతలేదు" అన్నాను తలుపు వెనక నుంచి.

మామ వాకిలి వైపు చెవి ఒగ్గాడు. అరుగు కింద కోడి గీరుతున్న చప్పుడు నాకిప్పటికీ గుర్తు. తర్వాత పదో పేరు పిలిచాడు. నేను తొమ్మిదో పేరు ఎదుట గీత గీశాను. గీత వంకరగా పడింది. మర్నాడు పొద్దునా అంతే, ఇంకో గీత.

ఆ పొద్దునే ఊరు గగ్గోలెత్తింది. మోతుబరి కొట్టంలోంచి జత ఎడ్లు పోయాయి. రాత్రి కట్టేసినవి తెల్లారేసరికి లేవు. పగటికల్లా అమీన్ జీపులో దిగాడు. తిన్నగా మా అరుగు మీద కూర్చుని పట్టీ అడిగాడు. మామ లోపలికి చెయ్యి చాపితే నేను అందించాను. అమీన్ పేజీ తిప్పి, వేలు పెట్టి పైనుంచి కిందికి చూశాడు.

"నిన్న సాయంత్రం పద్నాలుగు మందీ హాజరే. ఇవాళ పొద్దునా హాజరే. అంటే రాత్రి అందరూ ఊళ్ళోనే ఉన్నారు. ఇంకా వెతకడం ఎందుకండీ, దొంగ వీళ్ళలోనే ఉన్నాడు" అన్నాడు.

ఊళ్ళో ఉన్నాడని రాస్తే కాపాడినట్టని అనుకున్నాను. ఊళ్ళో ఉండడమే నేరమవుతుందని నాకు తట్టలేదు. అంతలోనే మోతుబరి, మొన్న తొమ్మిదో పేరువాడు తన కొట్టం దగ్గర నిలబడి ఎడ్లను చూశాడని చెప్పాడు. చూసిన మాట నిజమే. భార్యను ఇంటికి తెచ్చుకోవలసి వస్తే బండి ఇస్తారా అని అడగడానికి పోయాడు, అడగలేక తిరిగొచ్చాడు. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది.

సరిగ్గా అప్పుడే అతను వచ్చాడు. మోకాళ్ళ దాకా దుమ్ము, నిద్ర లేని కళ్ళు. నేను చెప్పినట్టే మధ్యాహ్నానికల్లా వచ్చాడు.

"ఈ దుమ్మేమిటిరా? ఎక్కడినుంచి వస్తున్నావ్?" అన్నాడు అమీన్.

అతను ఒక్కసారి తలుపు వైపు చూశాడు. సందులోంచి అతని ముఖం నాకు కనబడుతూనే ఉంది.

"యాడికి పోలే సార్. ఊళ్లనే ఉన్న. హాజర్ చెప్పిన, పట్టీల ఉన్నది సూడు."

నా చెయ్యి తలుపు రెక్క మీద ఉంది. ఒక్క తోపు తోస్తే చాలు. మామ వెనక్కి తిరగకుండానే, "బిడ్డా, నువ్వు లోపలికి పో" అన్నాడు. నేను పోయాను. ఇది రాస్తున్నప్పుడు కూడా నాకు సిగ్గుగానే ఉంది. అతన్ని ఎక్కించుకుని జీపు కదిలిన చప్పుడు పొయ్యి దగ్గర కూర్చుని విన్నాను.

ఆ సాయంత్రం మామకు అన్నం పెట్టి, కంచం ముందు నిలబడి అంతా చెప్పేశాను. ఆయన తినడం ఆపలేదు.

"నాకెరుకే. నా కండ్లల్ల పొర గని, చెవులల్ల కాదు. పదమూడు గొంతులే ఇన్న. పెండ్లాన్ని సూడ పోయిండని నేను గూడ ఊకున్న."

"మరి అమీన్‌కు చెప్పకపోతిరి!"

"చెప్తే ఏమైతది? దొంగపట్టీ రాసినమని నా పటేల్గిరి పోతది. చీటీ లేకుంట పోయిండని వానికి జైలు. గా ఎడ్లు యాడనో దొరుకుతయ్ బిడ్డా, వాన్ని ఇడిసిపెడ్తరు. జర ఓపిక పట్టు."

మా మామ చెడ్డవాడు కాదు. పటేలు, అంతే. ఆ మాట ఆయనతో అనలేక, గిన్నెలు చప్పుడు చేస్తూ కడిగాను.

రెండు రోజులు ఓపిక పట్టాను. మూడో నాడు హాజరుకు వచ్చినవాళ్ళలో ఒకడు, ఠాణాలో అతన్ని అరికాళ్ళ మీద కొడుతున్నారని, ఎడ్లెక్కడంటే నోరు తెరవడం లేదని చెప్పాడు. ఎలా తెరుస్తాడు? తెరిస్తే అందులోంచి వచ్చేది నా పేరు. నేను ఇక ఆగలేకపోయాను. పటేలు కోడలు ఒంటరిగా ఊరు దాటితే ఎన్ని నోళ్ళు లేస్తాయో నాకు తెలుసు. అయినా పట్టపగలు, పట్టీ చంకలో పెట్టుకుని, ఠాణాకు నడుచుకుంటూ పోయాను. సగం దారిలో మామ కచ్చడం బండి వెనకాల వచ్చింది. ఎక్కమనీ అనలేదు, మళ్ళమనీ అనలేదు. నా నడకకు తగ్గట్టు మెల్లగా నడిపించాడు.

అమీన్ ముందు పట్టీ తెరిచి, "ఈ రెండు గీతలు అబద్ధం. నేనే రాసిన. ఆయన గా దినం గుట్ట మీది దవాఖానల ఉన్నడు, అడిగిచ్చుకోండ్రి" అన్నాను. గట్టిగానే అన్నాను. లోపల గదిలో ఉన్నవాడికి వినబడాలని కూడా ఉంది నాకు.

అమీన్ చాలాసేపు గీతలనే చూశాడు. నాకు కుర్చీ వేయించాడు. మంచినీళ్ళు తెప్పించాడు. దవాఖానకు మనిషిని పంపిస్తే ఆ సాయంత్రానికే నిజమని తేలింది. ఎడ్ల కేసులోంచి అతని పేరు తీసేశారు. అమ్మయ్య అనుకున్నాను. అప్పుడు అమీన్ ఇంకో కాగితం తీసి రాయడం మొదలుపెట్టాడు. చీటీ లేకుండా ఊరు దాటాడు. పటేలు కళ్ళు కనబడవని తెలిసి, హాజరైనట్టు మోసం చేశాడు.

"మోసం నేను చేసిన" అన్నాను.

"మీది పెద్ద కుటుంబం అమ్మా. మీ పేరు ఇందులో ఎందుకు?" అన్నాడు చాలా మర్యాదగా. మామ తల దించుకుని నిలబడ్డాడు. నా అబద్ధాన్ని నా కళ్ళముందే తీసి అతని మీద రాశారు. నేను ఎంత మొత్తుకున్నా ఆ కాగితంలో ఒక్క అక్షరం మారలేదు. మేజిస్ట్రేటు మూడు నెలలు వేశాడు.

నేను ఠాణాకు పోయిన రెండు రోజులకు ఎడ్లు దొరికాయి. కన్నడ సీమ సంతలో అమ్మింది మోతుబరి సొంత మేనల్లుడే. అది ఇంటి సంగతి అన్నారు. నలుగురు పెద్దలు కూర్చుని, వాణ్ణి రెండు మాటలు తిట్టి, ఎడ్లను తోలుకొచ్చారు. ఆ మేనల్లుడి పేరు ఏ పట్టీలోనూ ఎక్కలేదు. మామ చెప్పినట్టు నేను ఆ రెండు రోజులు కూడా నోరు మూసుకుని ఉంటే, తొమ్మిదో పేరు మనిషి ఆనాడే ఇంటికి వచ్చేవాడు. ఈ లెక్క నేను ఎన్నిసార్లు వేసుకున్నానో! ఎలా వేసినా అదే తేలుతుంది.

అతను జైల్లో ఉన్న రెండో నెలలో భార్య పోయింది. కబురు జైలుకు చేరేసరికి అంతా అయిపోయింది.

మూడు నెలలు నిండాక ఒక సాయంత్రం అతను వచ్చి వరసలో తన చోట కూర్చున్నాడు. మామ ఇంకా అరుగు మీదికి రాలేదు. నేను తలుపు తీసుకుని గడప దాటి వాకిట్లోకి వచ్చాను. పదమూడు మందీ గబుక్కున లేచి నిలబడ్డారు. అతను అరికాళ్ళు సరిగా ఆనక కాస్త ఆలస్యంగా లేచాడు. క్షమించమని అడగాలని వచ్చాను. నోరు తెరిస్తే ఏడుపు వచ్చింది.

"ఏడువకు పటేలమ్మా" అన్నాడతను. "నువ్వు గీత గీసిన దినం గామె నా చేతిల రొట్టె తిన్నది. ఊరు ముచ్చట్లన్ని అడిగింది. నాకు మిగిలింది గదొక్కటే."

వెనక మామ దగ్గు వినబడుతుంటే, గొంతు తగ్గించి అన్నాడు:

"రేపు ఇంకెవలకన్న గట్లొస్తె, మల్ల రాయి. రాసినంక మాత్రం ఎవలకు చెప్పకు."