శశికుమార్‌కి పట్టుకునేవాళ్ళు కావాలి

శశికుమార్ ఇంటికి వెళ్ళినవాడు ఎవడూ ఊరికే కూర్చుని తిరిగి రాలేదు. ఏదో ఒకటి పట్టుకుని నిలబడి వచ్చాడు. పలక, తీగ, టార్చిలైటు, బల్ల కాలు, ఆ రోజు పనికి ఏది అవసరమైతే అది. "రవంత ఇది పట్టుకోప్పా" అంటాడు. ఆ రవంత ఎంతసేపో అతనికీ తెలియదు, తిరుత్తణి కొండ మీది స్వామికీ తెలియదు.

అతని సొంతూరు ఆర్.కె.పేట. పట్టాభిరామ్‌లో ఒక చిన్న ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్‌గా పనిచేస్తూ తిరువళ్ళూరులో మా వీధిలో ఇల్లు కట్టుకున్నాడు. నేను పత్రికకు వార్తలు రాస్తాను. పగలంతా ఆఫీసుల మెట్లెక్కి దిగి, వార్త పంపి, కాళ్ళీడ్చుకుంటూ ఇంటికి పోతుంటే అతని మేడ మీంచి పిలుపు వస్తుంది. తల వంచుకుని నడిచి చూశాను. గొడుగు అడ్డం పెట్టుకుని చూశాను. లాభం లేదు. నా చెప్పుల చప్పుడు అతనికి తెలుసు.

మేడ మీద రేకుల గది ఉంది. అందులో వర్క్‌షాపు పెట్టాలని పోయిన ఏడాది అతనికి బుద్ధి పుట్టింది. చిన్నప్పుడు ఆడికృత్తిక తిరునాళ్ళలో రూపాయి వేసి ఆడిన వీడియో గేమ్ పెట్టె అతనికింకా గుర్తే. నిలువెత్తు చెక్కపెట్టె, లోపల టీవీ, ముందర ఒక జాయ్‌స్టిక్, కొన్ని బటన్లు. అలాంటిది సొంతంగా చేయాలట. దానికి ముందు బల్ల కావాలి. బల్ల దగ్గర ప్లగ్గు పాయింట్లు కావాలి. పాయింట్లకు గోడలో బెజ్జాలు కావాలి. అన్నిటికన్నా ముందు పట్టుకునే మనిషి కావాలి.

ఇన్సూరెన్సు ఏజెంటు కుప్పుస్వామి ఒకసారి పొరపాటున ఆ మెట్లెక్కాడు.

"అన్నా, మీ పేరు మీద ఒక మంచి పాలసీ వచ్చిండాది."

"చెప్పు, వింటా ఉండా. చెప్తా చెప్తా ఈ పలక ఎత్తి పట్టుకో."

ప్లైవుడ్ పలకను తల మీదికెత్తి కుప్పుస్వామి బోనసు గురించి చెప్పాడు, ప్రమాద బీమా గురించి చెప్పాడు, ఆఖరికి తన మెడనొప్పి గురించి చెప్పాడు. మళ్ళీ మా వీధిలో కాలు పెట్టలేదు. శశికుమార్ వల్ల వీధికి జరిగిన మేలు అదొక్కటేనని అందరం ఒప్పుకున్నాం.

అతని భార్య వనజాక్షి మాత్రం లొంగే మనిషి కాదు. ఒకరోజు అతను పైనుంచి పిలిస్తే కిందినుంచే జవాబిచ్చింది. "నా చేతిలో దోసె గరిట ఉంది. నువ్వొచ్చి దీన్ని పట్టుకో, నేనొచ్చి దాన్ని పట్టుకుంటా." నిజంగానే మారారు. ఆ దోసెలు తిన్నవాళ్ళలో నేనూ ఉన్నాను. తర్వాత ఆమెను పిలవలేదు.

మే నెలలో రేకుల గది ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. దానికితోడు ఫ్యాను గాలికి సాల్డరింగ్ సరిగా అతకదని ఫ్యాను ఆపేస్తాడు. చెమట కళ్ళలోకి కారుతుంటే తుడుచుకోవడానికి మనకు చెయ్యి ఖాళీ ఉండదు.

"పట్టుకునేదానికి వైస్ అని ఒకటి ఉంటాది కదప్పా, బల్లకు బిగించేది. కొనుక్కోరాదా?" అన్నాను.

"ఇనుముకి జ్ఞానం యాడిది? పలకను నలిపేస్తాది. మనిషి చెయ్యయితే చెప్పిన మాట వింటాది."

"నా చెయ్యి వినలేదు. వణకతా ఉంది."

"వణికితే పరవాలేదు. విడవొద్దు."

అందరికన్నా ఎక్కువగా ఇరుక్కున్నవాడు శశికుమార్ చెల్లెలి మొగుడు దామోదరన్. పక్క వీధిలోనే ఇల్లు, తిరుత్తణిలో టైల్స్ అంగడిలో ఉద్యోగం. మనిషి మెత్తన, తాగుడు గట్టి. పోయిన ఏడాది కామెర్లొచ్చి ఆస్పత్రి నుంచి సగం మనిషిగా తిరిగొచ్చాడు. ఇంకొక్క చుక్క తాగితే తన దగ్గరికి తీసుకురావద్దని డాక్టరు చెప్పేశాడు. భార్య దేవకి కూతురు మనీషను వెంటబెట్టుకుని ఆర్.కె.పేటలో పుట్టింటికి పోయింది. పోతూ ఒకే మాట చెప్పింది. "వచ్చే ఏడు బడులు తెరిచేదాకా తాగకుండా ఉంటే వస్తా. తాగినావని తెలిస్తే బిడ్డను ఆడే బడిలో వేస్తా. మళ్ళీ నన్ను పిలవొద్దు."

అలాంటి మనిషిని శశికుమార్ కాస్త కూర్చోనివ్వడు. సాయంత్రం దామోదరన్ రైలు దిగేసరికి స్టేషన్ బయట స్కూటర్ మీద కాచుకుని ఉంటాడు. పోలీసులు దొంగను తెచ్చినట్టు తెచ్చి పలక చేతికిస్తాడు. వీధిలో దీపాలారే వేళకు గానీ వదలడు.

"ఒంట్లో బాగలేదని చెప్పరాదా?" అని దామోదరన్‌ని అడిగాను.

"ఏం చేసేదన్నా. బావ పిలిస్తే కాదని చెప్పలేను" అన్నాడు ఒక చేత్తో టీవీని ఆపుకుంటూ.

నాకు విసుగు పుట్టింది. ఏదో పని మీద మద్రాసు పోయినప్పుడు అక్కడి ప్యారిస్ బజారులో ఒక ఇనప సామాన్ల అంగడికెళ్ళి మంచి వైస్ ఒకటి కొన్నాను. అంత బరువుంటుందని తెలిస్తే కొని ఉండను. సెంట్రల్‌లో రైలెక్కి దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. కాగితం చుట్టిన ఆకారం చూసి పక్కాయన "స్వామి విగ్రహమా?" అని అడిగాడు. వివరించే ఓపిక లేక తల ఊపాను. ఆయన కళ్ళకద్దుకున్నాడు.

ఆ సాయంత్రమే దాన్ని శశికుమార్ బల్ల మీద దించాను. సంతోషిస్తాడనుకున్నాను. అతను వంగి బల్ల కింది తెర తొలగించాడు. లోపల మూడు వైస్‌లు ఉన్నాయి, కొత్తవి. ఒకదానికి ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు.

"ఇది వనజ కొనింది. ఇది ఫ్యాక్టరీలో నా జతగాళ్ళు ఇచ్చినారు. ఇది కుప్పుస్వామి పార్సిల్ పంపించినాడు. నీది నాలుగోది."

"మరి ఇన్ని పెట్టుకుని మా చేతులెందుకప్పా విరగ్గొడతా ఉండావు?"

దామోదరన్ ఇంకా కింద మజ్జిగ తాగుతున్నాడు. శశికుమార్ గొంతు తగ్గించాడు.

"ఇనుము పట్టుకుంటే దామోదరన్ ఏం పట్టుకుంటాడు? పొద్దుగూకితే ఆ చేతులు ఊరికే ఉండవప్పా. రైలు దిగి బ్రాందీ అంగడి ముందరే రావల్ల. తిట్టి చూసినాం, ఒట్టు పెట్టించి చూసినాం. ఏదీ నిలవలేదు. పలక పట్టుకున్నోడు దాన్ని కిందేసి పోలేడు కదా."

"సరే. మధ్యలో మేమేం చేసినాం?"

"వాణ్ణొక్కణ్ణే పట్టుకోమంటే కాపలా అని తెలిసిపోతాది. వీధి వీధంతా పట్టుకుంటే వాడూ అందర్లో ఒకడు."

ఆ సాయంత్రం పలకలో నాకు వచ్చిన వైపు అతను చెప్పకముందే పట్టుకున్నాను.

ఒక చిక్కు మాత్రం శశికుమార్ ఊహించలేదు. ఇన్ని చేతులు పడ్డాక ఏ పనైనా ఎప్పుడో ఒకప్పుడు అయిపోతుంది. బడులు తెరిచే ముందు ఆదివారం ఆ పెట్టె పూర్తయింది. బొమ్మ కదిలింది, మోత మోగింది. వీధిలో వాళ్ళంతా మెట్ల మీద బారులు తీరారు. ఆర్.కె.పేట బస్సు దిగి దేవకి, మనీష కూడా వచ్చారు. దేవకి పెట్టె వైపు చూడలేదు. మొగుడి దగ్గరగా వెళ్ళి నిలబడింది, కళ్ళు చూసింది, ఊపిరి పసిగట్టింది. తర్వాత వనజాక్షి వైపు తిరిగి, "వదినా, బిడ్డకు స్కూలు యూనిఫారం ఈ ఊర్లో యాడ కుట్టిస్తారు?" అని అడిగింది.

దామోదరన్ తల పక్కకు తిప్పుకుని మనీషకు జాయ్‌స్టిక్ ఎలా తిప్పాలో చూపించాడు.

అందరూ నవ్వుతున్నారు, శశికుమార్ తప్ప. నా దగ్గరికొచ్చి, "రేపట్నుంచి ఏం పట్టుకోమనేదప్పా?" అన్నాడు. పెళ్ళి అయిపోయిన మర్నాడు పందిరి చూసే మనిషిలా ఉన్నాడు.

మర్నాడు సాయంత్రం మేడ మీంచి పిలుపు రాలేదు. కొంత దూరం పోయి, తోచక నేనే వెనక్కి తిరిగి మెట్లెక్కాను. శశికుమార్ ఇంకా ఫ్యాక్టరీ నుంచి రాలేదు. ఎవరూ పోయి తీసుకురాకుండానే వచ్చిన దామోదరన్ ఒక్కడే నేల మీద కూర్చుని ఉన్నాడు. పెట్టె వెనక పలక ఊడదీసి ఉంది. తీగలన్నీ బయటికొచ్చి ఉన్నాయి. అతని చేతిలో స్క్రూడ్రైవరు ఉంది.

"ఏమైంది దామోదరన్?"

"సౌండ్ సరిగా లేదన్నా. అంతా విప్పి మళ్ళీ మొదట్నుంచి చెయ్యల్ల."

"నిన్న బాగానే ఉండిందే."

"బాగానే ఉందన్నా. బావకు చెప్పొద్దు" అన్నాడు ఇంకొక మర విప్పుతూ. "పని లేకపోతే ఆయన ఉండలేడు, పావం. పక్కన మనిషి లేకపోతే ఒక్క పనీ చేసుకోలేడు. ఈ సంవత్సరమంతా నేను తప్పకుండా వస్తా ఉండబట్టి సరిపోయింది. లేకుంటే మనిషి ఏమైపోయుండునో."