అడ్జస్ట్‌మెంట్ రిజిస్టర్

మొన్న ఆదివారం మా కోడలికి (ఆమె కూడా టీచరే) స్పెషల్ క్లాసుకు అడ్జస్ట్ గావాలెనని బడి నుంచి ఫోనొస్తే, "సారీ సార్, ఇయ్యాల నాకు కుదరది" అని పెట్టేసి తాపీగా చాయ్ తాగుతుంటే, నాకెందుకో అడ్జస్ట్ అనే మాట ఎక్కడ పుట్టిందో చూడాలనిపించి డిక్షనరీ తీసిన. లాటిన్‌లో 'దగ్గర' అనే మాటకు పుట్టి, ఫ్రెంచివాళ్ల దగ్గర పెరిగి, దగ్గరికి చేర్చడమనే అర్థంతో ఇంగ్లీషులోకి వచ్చిందట. బతుకంతా ఇంగ్లీషు చెప్పినోనికి ఈ సంగతి రిటైరైనంక తెలవడం కొంచెం ఆలస్యమే అనుకోవాలె.

బడుల్లో పనిచేసిన మన తరంవాళ్లకు యాదుండే ఉంటది, ఏ సారన్నా సెలవు పెడితే ఆయన క్లాసులు ఎవరు చూడాలెనో రాసే పుస్తకానికి అడ్జస్ట్‌మెంట్ రిజిస్టరని పేరు. సిద్దిపేటలో మా మేనమామ నడిపే బడిలో నేను కొత్తగా చేరిన రోజుల్లో, అందులో నా పేరు లేని దినం లేదు. నన్ను డిగ్రీ దాకా చదివించింది ఆయనే గనుక నాకూ అది న్యాయమే అనిపించేది.

ఒకనాడు హైదరాబాద్‌లో సర్కారు కొలువుకు ఇంటర్వ్యూ ఉంటే, ఆ కాగితం అంగీ జేబులో పెట్టుకొని, మామకు చెప్పి బస్సెక్కుదామని పొద్దున్నే బడికి పోయిన. నేను నోరు తెరవకముందే, లెక్కల సారు కొడుకు అక్షరాభ్యాసమని వర్గల్ సరస్వతి గుడికి పోయిండని చెప్పి, రిజిస్టరు నా దిక్కు జరిపి, "అల్లుడా, ఇయ్యాల జర అడ్జస్ట్ గావాలె, నువ్వు గాకుంటే నాకెవరున్నర్రా" అన్నడు మామ.

కాగితం సంగతి జేబులోనే ఉండిపోయింది. సంతకం పెట్టి, ఎనిమిదో తరగతికి పోయి, లెక్కలు నాకూ రావు గనుక పిల్లలూ నేనూ కలిసి నిశ్శబ్దంగా కూర్చున్నం. కిటికీలోంచి చూస్తుండంగనే హైదరాబాద్ బస్సు పోయింది, దానెనుక ఇంకొకటి పోయింది. ఎన్నడూ లేనిది ఆ దినం బస్సులన్నీ టైముకే నడిచినయి. తలుపు బార్లా తెరిచే ఉంది, మెట్లు మూడే, అయినా కాలు లేవలేదు.

ఆ బడిలోనే రిటైరైన. మామ చివరి రోజుల్లో మంచం పక్కన కూర్చున్నప్పుడు ఆ కాగితం సంగతి నోరుజారిన. ఆయన నా దిక్కు తిరిగి, "పిచ్చోడా, చెప్తే నేనే బస్సెక్కిస్తుంటి గదరా" అన్నడు.

ఇప్పటి పిల్లలు కుదరదంటే కుదరదంటున్నరు, ఆ మాటతో ఏ ఇల్లూ కూలుతలేదు. మా కాలంలోనూ కూలకపోవునేమో. ఒక్కరమన్నా ఆ మాట అని చూడలేదు.