ఇరవై నాలుగో పుల్ల

బార్ బాబాయి జీవితంలో మందు చుక్క ముట్టలేదంటే కొత్తవాళ్ళెవరూ నమ్మరు. నమ్మకపోతే మానెయ్యండి, నాకేం పోయింది! పందొమ్మిదేళ్ళప్పుడు హోటల్ బార్‌లో గ్లాసులు కడగడానికి చేరి, నలభై ఒక్క ఏళ్ళు ఆ కౌంటర్ వెనకే నిలబడి, పెద్ద బార్‌మన్‌గా రిటైరైన మనిషాయన. వీధిలో చిన్నా పెద్దా అందరికీ బాబాయే. ఆయన భార్య అందరికీ పిన్ని. ఉద్యోగంలో చేరే రోజు పొద్దున వాళ్ళమ్మ కొడుకు చెయ్యి తన నెత్తి మీద పెట్టుకుని, "ఆ సీసాల మధ్య పనిచేస్తానంటే కాదనను. నోట్లో చుక్క పడిందా, నా మీద ఒట్టే" అంది. ఆ తల్లి పోయి పాతికేళ్ళయింది. ఒట్టు మాత్రం అలాగే ఉంది.

మరి రుచి చూడకుండా కాక్‌టెయిల్ ఎలా కలిపేవాడంటారా? ముక్కుతో. కలిపింది ఓ గరిటెడు తీసుకుని ముక్కు కింద పెట్టుకుని, కళ్ళు మూసుకుని, మనసులో మూడు లెక్కపెట్టేవాడు. "ఇంకో అరచెక్క నిమ్మ" అనేవాడు. పిండితే సరిగ్గా సరిపోయేది. కొలతలు ఎక్కడైనా రాసి పెట్టుకోవచ్చుగా అని ఎవరైనా అంటే ఆయనకి ఒళ్ళు మండేది. "పోయినేటి నిమ్మకాయా ఈ నిమ్మకాయా ఒకటేనా? అనాసపండు ఏటికో తీరుగా ఉంటుంది. కాయితానికి ముక్కుందా?" అని కసిరేవాడు.

ఈ పుల్ల ఐసుల గొడవ మొదలై ముప్పై ఏళ్ళు. ఆ వేసవి ఎండలు అలాంటిలాంటివి కావు. హోటల్ ఈతకొలను పక్కన పిల్లలంతా రంగు రంగుల ఐసులు చీకుతూ కేరింతలు కొడుతుంటే, పెద్దవాళ్ళు మాత్రం ఐసు కరిగి నీళ్ళైపోయిన గ్లాసులు పట్టుకుని మొహాలు వేలాడేసుకుని కూర్చున్నారు. అప్పటి మేనేజరు, కళ్ళజోడు ఎప్పుడూ ముక్కు చివరికి జారిపోయే మనిషి, బాబాయిని పిలిచి, "వీళ్ళక్కూడా ఏదో ఒకటి పుల్లకి గుచ్చి ఇవ్వవయ్యా" అన్నాడు. ఆయన సరదాకే అన్నాడు. బాబాయి సరదాగా తీసుకుంటే కదా!

ఆ సాయంత్రమే పెగ్గులకి పెగ్గులు పోసి ఫ్రీజర్లో పెట్టాడు. ఒక రోజు చూశాడు, రెండు రోజులు చూశాడు, అది గడ్డకట్టదే! మందు అంత తేలిగ్గా గడ్డకట్టదని అప్పటిదాకా ఆ బార్‌లో ఎవరికీ తోచలేదు. పండ్ల రసం అయిదు పాళ్ళకి మందు ఒక్క పాలు, అంతకు మించకూడదని తేలేసరికి వారం పట్టింది. ఎనిమిదో రోజున పెద్దవాళ్ళ చేతుల్లో పుల్లలున్నాయి. కోటు వేసుకున్న ఓ పెద్దాయన మోచేతి దాకా కారిన రసాన్ని నాకుతుంటే మేనేజరు పడీ పడీ నవ్వాడు.

రెండేళ్ళ తర్వాత హోటల్లో ఐసులు పోసే కొత్త అచ్చులొచ్చాయి. ఇరవై నాలుగు గుంటల పాత స్టీలు అచ్చుని బాబాయి అడిగి ఇంటికి తెచ్చుకున్నాడు. అప్పట్నుంచీ వేసవిలో మొదటి ఆదివారం సాయంత్రం వాళ్ళ మేడ మీద కొలువే. రమ్మూ నిమ్మా పుదీనా కలిపి ఎనిమిది, రమ్ములో అనాస రసం కొబ్బరిపాలు కలిపి ఎనిమిది, వోడ్కాతో పుచ్చకాయ రసం ఎనిమిది. మొదటి రెంటికీ ఉన్న మొహీటో, పినా కొలాడా అనే పేర్లు పిన్ని నోటికి ఏనాడూ ఎక్కలేదు. పచ్చది, తెల్లది, ఎర్రది, అంతే ఆవిడ లెక్క. అచ్చు పట్టాలంటే ఫ్రీజరంతా ఖాళీ చెయ్యాలి కనక, ఆవిడ బఠాణీలూ పాల ప్యాకెట్లూ ఆ రెండు రోజులూ కింది వాటాలో లెక్కల మేష్టారి ఫ్రిజ్‌లో తలదాచుకునేవి.

ఆ సాయంత్రాలు తలుచుకుంటే ఇప్పటికీ బాబాయికి ప్రాణం లేచొస్తుంది. కాలే మేడ మీద నాలుగు బకెట్ల నీళ్ళు పోస్తే గచ్చు చుర్రుమనేది. పిల్లలకి వేరే ఉత్త పుచ్చకాయ ఐసులు. పెద్దవాళ్ళు పిల్లల్లా గోడ మీద వరసగా కూర్చుని, ఎవరి నాలుక ఎక్కువ ఎర్రబడిందో పోల్చుకునేవాళ్ళు. ఏడాదంతా ఉలుకూ పలుకూ లేని పోస్టుమాస్టరు తెల్లది సగం తినేసరికి గొంతెత్తి పాడేవాడు. బాబాయి మాత్రం ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి, "ఎలా ఉంది?" అని అడిగేవాడు. "బావుంది బాబాయ్" అనేవాళ్ళు. అదొక్కటి చాలు, మళ్ళీ వేసవి దాకా ఆయనకి కడుపు నిండిపోయేది.

ఒక్క ముల్లు మాత్రం ఉండేది. ఇరవై నాలుగు పోస్తే మేడ మీదికి ఇరవై మూడే చేరేవి. ఏ ఏడూ తప్పలేదు. వంటింట్లోంచి పళ్ళెం మోసుకొచ్చేది లెక్కల మేష్టారు కాబట్టి నేరం ఆయన మీదే పడేది. "పిల్లలకి లెక్కలు చెబుతారు, ఇరవై నాలుగు లెక్కపెట్టడం రాదా?" అని బాబాయి దెప్పేవాడు. "నా తల్లి తోడు, నేను తినలేదు మొర్రో" అని ఆయన మొత్తుకునేవాడు. ఎవరు వింటారు? ఇరవై ఎనిమిదేళ్ళుగా మేష్టారు ఆ దొంగతనం మోస్తూనే ఉన్నాడు.

ఈ చలికాలంలో బాబాయికి జ్వరమొచ్చింది. వారానికి తగ్గింది, పోతూ పోతూ వాసన పట్టుకుపోయింది. మొదట జలుబనుకున్నాడు. ఓ పొద్దున పొయ్యి మీద పాలు మాడి ఇల్లంతా కంపు కొడుతుంటే, ఈయన రెండడుగుల దూరంలో కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. పిన్ని పరుగున వచ్చి పొయ్యి కట్టేసి, ఆయన వంక ఓసారి చూసి, గిన్నె తోమడానికి పట్టుకెళ్ళింది. బాబాయి నిమ్మకాయ గిల్లి చూశాడు, పుదీనా నలిపి చూశాడు, రమ్ము సీసా మూత తీసి చూశాడు. మంచినీళ్ళకీ దానికీ తేడా లేదు. ఎవరికీ చెప్పుకోలేదు. ముక్కుతో బతికిన మనిషి, ముక్కు పోయిందని ఏ నోటితో చెబుతాడు?

సరిగ్గా అప్పుడే పాత మేనేజరు ఫోన్ చేశాడు. పదకొండేళ్ళయింది ఆయన్ని చూసి. "మొదటి ఆదివారం వస్తున్నానయ్యా. డాక్టరు ఒక్క పుల్లకి ఒప్పుకున్నాడు. అది నీ చేతిదే కావాలి" అన్నాడు. "రండి సార్, మీరు రావడమే భాగ్యం" అని ఫోన్ పెట్టేసి బాబాయి వంటింట్లో అటూ ఇటూ తిరిగాడు. చివరికి తనలో తనే తేల్చుకున్నాడు. ఈసారి సరిగ్గా వచ్చిందా సరే. తేడా వచ్చిందా, అచ్చు పాత సామాన్లవాడికి ఇచ్చెయ్యడమే, ఇంక జన్మలో గరిటె పట్టేది లేదు.

శుక్రవారం సాయంత్రం తలుపు వేసుకుని కలిపాడు. శనివారం పొద్దున అచ్చు తీసి పుల్ల పట్టుకుని లాగితే పుల్ల ఒక్కటే చేతికొచ్చింది! ఇంకోటి లాగాడు, అదీ అంతే. గుంటల నిండా చల్లటి గుజ్జు. వాసన తగలకపోయేసరికి తక్కువైందనుకుని పోశాడు, ఇంకాస్త పోశాడు, అయిదుకి ఒకటన్న లెక్కే మరిచిపోయాడు. గ్లాసులు కడిగేవాడు కూడా చెయ్యని పొరపాటు. ముప్పై ఏళ్ళ కిందట తను చేసిన పొరపాటే. బాబాయి స్టూలు మీద కూలబడిపోయాడు.

పిన్ని వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ముక్కు పనిచెయ్యట్లేదని నాకెప్పుడు చెబుతారు? వచ్చే వేసవికా?"

"నీకెవరు చెప్పారు?"

"పాలు చెప్పాయి."

"సార్‌కి ఫోన్ చేసి రావద్దని చెప్పేస్తానే. ఈ అచ్చు అవతల పారేద్దాం. నా పని అయిపోయింది."

"ముందు లేచి మొహం కడుక్కోండి. నిమ్మకాయలు ఇంకా ఉన్నాయి" అంది పిన్ని. అచ్చు తీసుకెళ్ళి కుళాయి కింద పెట్టింది.

మళ్ళీ కలిపాడు. ఈసారి మందు కొలిచే పోశాడు. మందుకి లెక్క ఉంది, మరి నిమ్మకీ పుదీనాకీ లెక్కేది? గరిటె ముక్కు కింద పెట్టుకుని మూడు లెక్కపెట్టాడు, పది లెక్కపెట్టాడు. ఏమీ లేదు. గరిటె మెల్లగా పెదాల దాకా వెళ్ళింది. నలభై ఎనిమిదేళ్ళ ఒట్టు, ఒక్క గుక్కతో పోతుంది.

పిన్ని చప్పున మణికట్టు పట్టుకుంది. "ఆగండి. అత్తయ్యగారికి మాటిచ్చింది మీరు. నేనెవరికీ ఇవ్వలేదుగా!" అని గరిటె లాక్కుని, ఓ గుక్క తాగి, నాలుక చప్పరించింది. "పుదీనా మరీ నలిపేశారు, చేదొచ్చింది. పులుపు చాలదు. పోయినేడు ఇంతకంటే పుల్లగా ఉంది. అటు పోయినేడైతే పళ్ళు జివ్వుమన్నాయి, అప్పుడు మీరు మా చెల్లెలి మీద కోపంగా ఉన్నారు."

బాబాయి పిన్ని వైపు తిరిగాడు. "పోయినేడు ఎలా ఉందో నీకెలా తెలుసే?"

పిన్ని నిమ్మకు నీరెత్తినట్టు నిలబడింది. "ఇరవై నాలుగోది ఏమవుతోందనుకున్నారు?" అంది.

"ఓసి దొంగమొహందానా! పాపం ఆ మేష్టార్ని…"

"మొదట్లో అత్తయ్యగారు హాల్లోనే కూర్చునేవారు, ఆవిడకి దడిచి వంటింట్లోనే గబగబా తినేసేదాన్ని. తర్వాత అలవాటైపోయింది."

"తర్వాతైనా చెప్పొచ్చుగా?"

"మీరు వీధిలో ప్రతివాళ్ళనీ ఎలా ఉందని అడిగేవారు. నన్ను ఒక్కసారైనా అడిగారా? అడగనివాళ్ళకి ఏం చెబుతాం?"

బాబాయికి తల కొట్టేసినట్టయింది. నిజమే, అడగలేదు. ఈవిడ తినదనుకున్నాడు, తినేవాళ్ళనే అడిగాడు. చిన్నపిల్లాడిలా అడిగాడు. "ఎలా ఉంటుందే? అసలు… రుచి?"

పిన్ని గరిటె పక్కన పెట్టి ఆలోచించింది. "పచ్చదైతే ముందు పన్ను జిల్లుమంటుంది. తర్వాత పులుపు. దాని వెనకాలే పుదీనా. ఇంక అయిపోయిందనుకునేసరికి గొంతులో ఎక్కడో కాస్త వెచ్చగా తగులుతుంది. ఆ వెచ్చదనం కోసమే మళ్ళీ కొరకాలనిపిస్తుంది. తెల్లది అలా కాదు, అది మెత్తగా మాయచేస్తుంది. ఎర్రది ఉత్త అల్లరిది."

ఇన్నేళ్ళుగా తను చేసినదేమిటో బాబాయికి ఆ పొద్దున తెలిసింది. ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. పిన్ని చెంగుతో ఆయన మొహం తుడిచి, "చాల్లెండి, ఉప్పు పడుతుంది అందులో" అంది.

ఇంక ఆవిడ చెప్పడం, ఈయన కలపడం. "కొంచెం పులుపు" అంటే ఎంత పిండాలో ఆయన చేతికి తెలుసు. ఎర్రది దగ్గరికొచ్చేసరికి పిన్ని బుగ్గలు కందాయి, ఊరికే నవ్వొస్తోంది. "ఇంకో గరిటె చూస్తేగాని చెప్పలేనండీ" అంది. "చాల్లే, ఇప్పటికే చాలా చెప్పావు" అన్నాడు బాబాయి.

ఆదివారం పాత మేనేజరు చేతికర్రతో మేడ మెట్లెక్కాడు. కళ్ళజోడు ముక్కు చివరే ఉంది. పచ్చది అందుకుని కొరికి, కళ్ళు మూసుకున్నాడు. ఆయన కళ్ళు తెరవడే! సగం పుల్ల అయ్యాక, తడికళ్ళతో, "అదేనయ్యా. ఆ ఈతకొలను పక్కన తిన్నదే. నీ ముక్కు చల్లగా ఉండాలి" అన్నాడు.

అవునని తలాడించేస్తే గొడవ లేదు. బాబాయి ఆడించలేదు. "ముక్కు పోయింది సార్, చలికాలంలోనే. ఇది మా ఆవిడ నోరు" అన్నాడు, అందరూ వినేట్టు.

బాబాయి పళ్ళెంలోంచి ఓ పచ్చ పుల్ల తీసి, గుమ్మం పక్కన చీర చెంగు నలుపుతూ నిలబడ్డ పిన్ని చేతిలో పెట్టాడు. ఆవిడ వందమంది ముందు పాడమన్నట్టు సిగ్గుపడి, అటూ ఇటూ చూసి, కొరికింది.

"ఎలా ఉంది?" అన్నాడు బాబాయి.

"పోయినేటి కంటే బావుంది" అంది పిన్ని.

లెక్కల మేష్టారు పళ్ళెం వంక చూశాడు, పిన్ని వంక చూశాడు. ఆయనకి లెక్క తేలిపోయింది. "అంటే… ఇరవై ఎనిమిదేళ్ళూ… నువ్వా తల్లీ!" అని నెత్తి కొట్టుకున్నాడు. మేడ మేడంతా గొల్లుమంది. ఆ నవ్వుల్లో పిన్ని బాబాయి పక్కకొచ్చి గోడ మీద కూర్చుని, ఎవరికీ దడవకుండా, కారుతున్న పుల్లని మెల్లగా తినడం మొదలుపెట్టింది.