పొయ్యెక్కని పులుసు

మా ఇంట్లో పచ్చి పులుసు చేసింది పొయ్యి ఖాళీ లేక. పోచంపల్లి పక్కన పల్లె మాది. ఇంటికంతా ఒకటే పొయ్యి. తెల్లవారుజామునే అన్నం వండి దింపేసేవాళ్ళు. ఆ తర్వాత పొద్దు గూకేదాకా ఆ పొయ్యి మీద నూలుకు అద్దే రంగు మరుగుతుండేది. అందుకని అమ్మ ఆ రంగు గిన్నె కింది నిప్పుల్లోకే నాలుగు పచ్చిమిరపకాయలు తోసి, నల్లబడ్డాక బూడిద ఊది, నానిన చింతపండులో ఉల్లిగడ్డతో కలిపి చేత్తో పిసికేది. ముందే దంచి పెట్టుకున్న నువ్వుల పొడి చల్లితే పులుసు తయారు. మరగబెట్టే పనే లేదు. తెలంగాణలో అందరిళ్ళలోనూ చేసుకునేదే, మేమేదో కనిపెట్టామని చెప్పను. ఆ రంగు పొయ్యి మాత్రం మాది.

ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే, ఈ ముచ్చట ఇప్పుడు ఎల్బీనగర్‌లో ఒక కొత్త హోటల్ గోడ మీద ఇంకొకరి పేరున రాసి ఉంది. చదివి కళ్ళు తుడుచుకునే రకం కాదు నేను. నాకు ఒళ్ళు మండింది, ఇంకా మండుతూనే ఉంది.

ఆ ఇంకొకరు నాకు బయటి మనిషైతే ఇంత బాధ లేకపోను. ఆమె తెనాలి వైపు నుంచి వచ్చింది. మూసారాంబాగ్‌లో ఇద్దరం ఒకే బిల్డింగ్‌లో కిరాయికి ఉండేవాళ్ళం. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ పిల్లలు హాస్టళ్ళలో నీళ్ళ పప్పు తిని మొహాలు పీక్కుపోయి తిరుగుతుంటే చూడలేక, మేమిద్దరం కలిసి అక్కడే ఒక గల్లీలో మెస్ పెట్టాం. గోంగూర, చేపల పులుసు ఆమెవి. తలకాయ కూర, జొన్నరొట్టె నావి. ఆమె నన్ను అక్కా అనేది, నేను చెల్లె అనేదాన్ని. ఏళ్ళకేళ్ళు ఒకే కంచంలో తిన్నాం. కంచం ఒకటే కానీ నా పచ్చి పులుసంటే మాత్రం ఆమెకు చిన్నచూపు.

"మరగబెట్టని చారు ఎవరు తింటారక్కా? మా అమ్మ చూసిందంటే ముక్కు మూసుకుంటుంది" అనేది.

ఆమె తల్లి తెనాలిలో బడిపంతులమ్మ. గంజి పెట్టిన చీర మడత నలగకుండా బతికిన మనిషి. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటారని కూడా ఆవిడకు తెలిసి ఉండదు.

"ఎండలు ముదరనీ, నువ్వే గ్లాసుల పోసుకొని తాగుతవ్ చూడు" అన్నాను. ఆ వేసవిలోనే తాగింది. పిల్లలకు మిగలకుండా తాగిందని నేను ఆటపట్టించేదాన్ని.

మా అమ్మ చివరి రోజుల్లో నా దగ్గరే ఉంది. మెస్సులో ఒక మూల పీట వేసుకుని చింతపండులో గింజలు తీస్తుండేది. నేను కూరగాయలకు పోయినప్పుడు అమ్మకు తల దువ్వింది, వేళకు మందులిచ్చింది ఆ తెనాలి చెల్లెలే. ఆమె కూడా అమ్మా అనే పిలిచేది. రంగు పొయ్యి సంగతి, ఆసు పోసే సంగతి అమ్మ నాకన్నా ఆమెకే ఎక్కువ చెప్పింది. ఆసు అంటే మేకుల మధ్య నూలును అటూ ఇటూ తిప్పుతూ లెక్కగా పేర్చడం. చీర ఒక్కటి నేయాలంటే ఆడవాళ్ళ భుజం వేల సార్లు ఊగాలి. నేను విని విని ఉన్నదాన్ని, ఆమెకేమో అంతా కొత్త. చెంపకు చెయ్యి ఆనించుకుని వినేది. అమ్మ పోయినప్పుడు నాకంటే గట్టిగా ఏడ్చింది. ఆ ఏడుపు దొంగ ఏడుపని ఈ రోజుకీ అనలేను. నాకు మింగుడుపడనిది అదే.

తర్వాత చదువులన్నీ ఫోన్లలోకి దూరాయి. హాస్టళ్ళు ఒకటొకటే ఖాళీ అయ్యాయి, మా మెస్సుకు తాళం పడింది. సరిగ్గా అప్పుడే అమెరికాలో ఉన్న ఆమె తమ్ముడు అక్కడొక హోటల్ పెట్టాడు. వంట చూసుకోవడానికి అక్కను రమ్మన్నాడు. వెళ్ళేముందు ఆమె నా రెండు చేతులూ పట్టుకుంది.

"నీ పులుసు అక్కడ పెడతానక్కా. మెనూలో పోచంపల్లి అని రాయిస్తాను. మా అక్క వాళ్ళ అమ్మ చేసింది అని అందరికీ చెప్తాను."

నాకు అమెరికా మీద మోజు లేదు, వాటా కావాలని అడగలేదు. అమ్మ పేరు మా ఊరి రేషన్ కార్డు దాటి ఎక్కడా పడలేదు. ఒక్కచోట పడుతుంది కదా అనుకున్నాను. నా ఆశంతా అంతే.

ఆమె వెళ్ళిన ఊరు పెద్దదేమీ కాదు. దేశం నడుమ ఎక్కడో, మక్కచేల మధ్య ఉందట. మాకు తెల్లవారితే వాళ్ళకు పొద్దు గూకేది. హోటల్‌కు సెలవున్న రోజు ఆమె వీడియో కాల్ చేసి వీధంతా తిప్పి చూపించేది. ఒకప్పటి ధాన్యం గోదాములు, ఎర్ర ఇటుక గోడలు, వాటిలో వరసగా హోటళ్ళు. ఒకటి ఇథియోపియా వాళ్ళది, ఒకటి వియత్నాం వాళ్ళది, మెక్సికో వాళ్ళవి రెండో మూడో. బయట మంచు, రోడ్డు మీద నరపురుగు లేదు.

"మనిషే కనపడ్తలేడు, గిన్ని హోటళ్ళల్ల ఎవరు తింటరే?" అన్నాను.

"లోపల కూర్చోడానికి చోటుండదక్కా. ఈ మధ్యనే లేచింది ఈ వీధి. ఇదివరకు బర్గర్లు తప్ప తెలియనోళ్ళు ఇప్పుడు చేత్తో కలుపుకుని తింటున్నారు" అంది.

నా ఫోన్‌ను పప్పు డబ్బాకు ఆనించి పాఠం మొదలుపెట్టేదాన్ని. మొదటిసారి ఆమె మిరపకాయలు కాల్చగానే పొగను పసిగట్టే అలారం గంట మోగింది. తమ్ముడు పరుగెత్తుకొచ్చి తువ్వాలతో విసరడం, ఆమె దగ్గుతూ నవ్వడం, ఇక్కడ నేను కడుపు పట్టుకుని నవ్వడం. చింతపండు పిసకడానికి చేతికి తొడుగులు వేసుకోవాలట. "గట్లయితే పులుపు చెయ్యికెట్ల తెలుస్తదే?" అని తిట్టాను. అలా వారాల తరబడి, ఉప్పు ఎప్పుడు వేయాలి, ఉల్లిగడ్డ ఎంత నలగాలి, నువ్వులు ఏ రంగు తిరగ్గానే దించాలి, ఒక్కటి దాచకుండా నేర్పాను. దాచుకోవాలన్న ఆలోచనే రాలేదు.

ఒకసారి ఆమె వింత ముచ్చట ఒకటి చెప్పింది. ఆ వీధిలో ప్రతి హోటల్‌కూ ఒక కథ ఉంటుందట. మెనూ మొదటి పేజీలో, గోడ మీద, ఆ ఊరి పేపర్లో. ఎవరి నానమ్మ ఏ కొండల్లో ఏం వండిందో చదివాకే చెంచా ఎత్తుతారట.

"మనకు కూరల ఉప్పుంటే చాలు, వాళ్ళకు కథ గూడ గావాల్నా?" అని వేళాకోళం చేశాను.

"నిజమక్కా. మా అమ్మ గురించి ఏం చెప్పను? పంతులమ్మ, సాయంత్రం ఇంత ఉప్మా చేసేది. ఇదీ కథేనా?" అని ఆమె నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే, అమ్మ గుర్తొస్తోందని, ఆసు దగ్గరున్న ఫోటో పంపమని అడిగింది. మగ్గాల ఫోటోలు తీయడానికి ఎవరో ఊరికి వచ్చినప్పుడు తీసింది అది. వయసులో ఉన్న అమ్మది మా దగ్గరున్నది అదొక్కటే. మేకుల ముందు కూర్చుని అమ్మ చెయ్యి చాచి ఉంటుంది. పక్కనే ఆరేళ్ళ నేను, జుట్టు రేగిపోయి, దారం అందిస్తూ ఉంటాను. మురిసిపోయి పంపాను.

ఆ తర్వాత కాల్స్ పలచబడ్డాయి. హోటల్ బాగా నడుస్తోందని, తీరిక లేదని అనుకున్నాను. మెనూ ఫోటో పంపవే అని అడిగితే పంపుతానక్కా అనేది. పంపలేదు. నాకు అనుమానం రాలేదు. చెల్లెను అనుమానించే అక్క ఉంటుందా!

ఈ మధ్య ఆమె స్వయంగా ఫోన్ చేసింది. ఇండియాకు వచ్చారట, ఎల్బీనగర్‌లో అదే పేరుతో ఒక బ్రాంచి తెరుస్తున్నారట, నేను తప్పకుండా రావాలట. బిల్డింగ్‌లో వాచ్‌మన్ భార్యతో సహా అందరికీ చెప్పుకున్నాను. అమ్మ ఆసు పోసిన నూలుతో నేసిన చీర ఒక్కటే మిగిలింది నా దగ్గర, అది కట్టుకుని మెట్రో ఎక్కాను.

హోటల్ ముందు బోర్డు: "అమెరికా మెచ్చిన మన రుచి". పచ్చి పులుసు అమెరికా నుంచి ఎల్బీనగర్‌కు వచ్చిందట! మా ఊరికి పోయే నల్లగొండ రోడ్డు పక్కన నిలబడి ఆ మాట చెప్పడం మేనమామ సంగతులు తల్లికి చెప్పినట్టుంది. అయినా నవ్వుకునే లోపలికి పోయాను. ఆమె ఎదురొచ్చి వాటేసుకుంది, కూర్చోబెట్టింది. ముందుగా చిన్న గాజు గ్లాసులో పులుసు వచ్చింది. మా అమ్మ ముంతలో పోసేది, సర్లే అనుకుని తాగాను. అచ్చం మాదే. ఆ కమురు వాసన, అడుగున నువ్వుల గరుకు, ఏ ఒక్కటీ తప్పలేదు. ఎంత బాగా నేర్చుకుంది అని కళ్ళు చెమర్చాయి.

గ్లాసు దించి తలెత్తితే గోడ మీద అమ్మ.

గోడంత పెద్దది చేశారు. బంతిపూల దండ వేశారు. కింద రాసింది చదివాను. "నన్ను కన్న తల్లి నేతగత్తె. ఇంట్లో ఉన్న ఒకే పొయ్యి మీద నూలు రంగు మరుగుతుంటే, ఆ నిప్పుల్లో మిరపకాయలు కాల్చి మాకు పులుసు చేసేది." దాని కింద ఆమె సంతకం. పోచంపల్లి మాట లేదు, నా మాట లేదు. ఫోటోలో నేను కూడా లేను. అంచు కత్తిరించేశారు. దారం పట్టుకున్న చిన్న చెయ్యి ఒక్కటి మాత్రం మిగిలింది, అది తీసేస్తే అమ్మ వేళ్ళు కూడా పోతాయని కాబోలు.

ఏకు మేకై కూర్చుందంటారే, ఆ మేకు గుండెలో దిగింది. వంట తీసుకుంటే తీసుకుంది, నేనే ఇచ్చాను. అమ్మను ఎట్లా తీసుకుంటుంది?

ఆమెను పక్కకు పిలిచాను. "ఏందే ఇది?"

ఆమె తడబడలేదు. "అక్కా, అక్కడ ఇంకొకళ్ళ అమ్మ కథ చెప్తే ఎక్కదు. ఎవరి కథ వాళ్ళే చెప్పుకోవాలి. తమ్ముడు అలా రాయించాడు, పేపర్లో కూడా పడింది, ఇక మార్చడం కుదరలేదు. అయినా నీ అమ్మ నా అమ్మ కాదా? నేను తల దువ్వలేదా?"

"దువ్వినవ్. కాదన్ననా? మరి తెనాల్ల ఉన్న మీ అమ్మ ఎవరాయె? ఆమెకేం చెప్పినవ్?"

ఆమె చీర కొంగు సర్దుకుంటూ నేల చూసింది. తల్లిని ఇక్కడికి పిలవలేదని అప్పుడర్థమైంది.

ఇంతలో ఫోన్లతో వీడియో తీసేవాళ్ళు ఇద్దరు మా దగ్గరికొచ్చారు. వాళ్ళలో ఒకమ్మాయి ఫోటో వంక చూపిస్తూ అడిగింది. "మేడమ్, అమ్మగారి పక్కన ఆ చిన్న చెయ్యి ఎవరిది?"

ఆమె నా వైపు చూసింది. ఇప్పుడు చెబుతుంది అనుకున్నాను. గోడ మీద రాతను మార్చలేకపోయింది సరే, నోటి మాటకేం అడ్డు? ఈ ఒక్క మాట చెబితే మిగతాదంతా మింగేద్దామని కూడా అనుకున్నాను, నిజంగా.

"అది నేనేనండీ" అంది ఆమె. "నాకప్పుడు ఆరేళ్ళు. అమ్మకి దారం అందించేదాన్ని."

"గా చెయ్యి నాది" అన్నాను.

గట్టిగానే అన్నాను. వాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

"మా అక్కండీ. దిల్‌సుఖ్‌నగర్ మెస్సులో నా దగ్గర పనిచేసేది. ఎప్పుడూ ఇలాగే నవ్విస్తూ ఉంటుంది" అంటూ నా చెయ్యి పట్టుకుని కెమెరా ముందుకు లాగింది.

దారం అందించిన చెయ్యే అది. విడిపించుకుని బయటికి వచ్చేశాను.