ఒకే శ్లాబు కింద

అద్దె ఇంట్లో శవం లేవకూడదంటారు మా వైపు. ఎవరికైనా ప్రాణం మీదికొస్తే చాలు, ఓనరు వచ్చి "వేరే ఏర్పాటు చూసుకోండి" అంటాడు. ఆ మాట వినీ వినీ ఒళ్లు మండే, మా పొదుపు సంఘం ఆడవాళ్లం అద్దె గదులు కట్టడానికి దిగాం.

ఊరి చివర మూతపడ్డ జిన్నింగు మిల్లు స్థలం లీజుకు తీసుకున్నాం. మేస్త్రీతో పోట్లాడటం, మోటారు విప్పి బిగించడం అన్నీ మేమే నేర్చుకున్నాం. ఖర్చు కలిసొస్తుందని గదులన్నీ ఒకే వరసలో, ఒకే శ్లాబు కింద వేశాం. మిర్చి మూటలు మోసే హమాలీలూ, కాయల తొడిమలు తీసే ఆడవాళ్లూ తక్కువ అద్దెకు చేరారు.

మొన్న వేసవిలో, తొడిమలు తీసే ఒకామె భర్తను ఆసుపత్రివాళ్లు ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఆటోలోంచి దించకముందే పక్క గదులవాళ్లు గుమిగూడారు.

"లోపలికొద్దమ్మా. పోయిన నక్షత్రం మంచిది కాకపోతే ఇల్లు ఆర్నెల్లు మూసెయ్యాలి. ఒకటే శ్లాబాయె, వరసంతా మూయాల్సిందే. పిల్లాజెల్లాతో మేమెక్కడికి పోవాలి?" అన్నాడు ఒక హమాలీ.

నాకు కోపం నషాళానికంటింది. "సిగ్గు లేదురా? మీ నాన్నని రోడ్డు మీద పడుకోబెట్టించాడని ఓనర్ని తిట్టుకుంటూ ఇక్కడికొచ్చింది నువ్వు కాదూ?"

"అందుకేనమ్మా భయం, మళ్లీ రోడ్డున పడలేం" అన్నాడు. తల దించుకున్నాడు గానీ గుమ్మం వదల్లేదు.

సంఘం వాళ్లని పిలిచి, గొంతు పోయేదాకా వాదించాను. గదులు ఖాళీ అయితే అవనీ, అతన్ని లోపలికే తీసుకెళ్దామని తేల్చాం. ఆటో దగ్గరికెళ్లి "పదవే, మంచం వేద్దాం" అన్నాను.

ఆమె కదల్లేదు. "వద్దులెండి. బయటే నీడకి టార్పాలిన్ పట్టా కట్టించండి."

"అదేంటే! సంఘంలో అందర్నీ ఒప్పించాను కదా!"

"మీరు ఒప్పించి ఇళ్లకెళ్తారండి. ఆయన పోయాక వీళ్ల మధ్య బతకాల్సింది నేను."

మిర్చి మీద కప్పే పట్టానే మిల్లు గోడకు కట్టాం. అడ్డం నిలబడ్డ హమాలీయే మంచం మోసుకొచ్చాడు. మిగతావాళ్లు నీళ్లూ మజ్జిగా తెచ్చారు. తిడదామంటే తిట్టలేక ఏడ్చాను.

మర్నాడు ఆయన ఆ పట్టా కిందే పోయాడు. గదులేవీ ఖాళీ కాలేదు. గండం గడిచిందన్నారు మా వాళ్లు. నేను మాత్రం ఆ వరస వైపు వెళ్లడం మానేశాను.

ఈ మధ్య పక్క ఊరి ఆడవాళ్లు వచ్చారు, తామూ ఇలాగే కట్టుకుంటామని. ముందు ఎన్ని గదులు వెయ్యమంటారని అడిగారు.

"ముందు ఒక్కటి కట్టండమ్మా, వరసకి దూరంగా, విడి శ్లాబుతో" అన్నాను. "మనిషి ప్రాణం పోవడానికి."